చెయ్యి చెప్పేది కొంత, సూది చెప్పేది కొంత

పిల్లి ఒంటి మీద గడ్డ లేస్తే ముందుగా పసిగట్టేది చెయ్యే. బొచ్చు అడ్డం కాబట్టి కంటికి ఆనదు. నొప్పిని దాచుకోవడం పిల్లికి పుట్టుకతో వచ్చిన గుణం కాబట్టి అది పైకి తేలదు. నిమురుతున్న వేలికి ఒకనాడు ఏదో తగులుతుంది, మొన్నటిదాకా ఇది లేదే అనిపిస్తుంది. అక్కణ్నుంచి ఇంట్లో తలా ఒక మాట. కొవ్వుగడ్డ అయ్యుంటుందని ఒకరు, పక్కింటి గండుపిల్లి కరిచి ఉంటుందని ఒకరు, క్యాన్సరేమోనని ఇంకొకరు. ముగ్గురిలో ఎవరి మాటైనా నిజం కావచ్చు. ఎవరిది నిజమో తేల్చే శక్తి మాత్రం వేలికి లేదు.

ఏళ్ల తరబడి అనుభవం ఉన్న పశువైద్యుడి వేలికీ లేదు. గడ్డ గట్టిగా ఉందా మెత్తగా ఉందా, చర్మం కింద కదులుతోందా కండకు అతుక్కుని ఉందా అన్నది అనుమానాన్ని ఒక పక్కకు మొగ్గేలా చేస్తుంది, అంతే. అయితే మూడు ప్రశ్నలకు చెయ్యి కచ్చితంగా జవాబు చెప్పగలదు: గడ్డ ఎక్కడుంది, ఎంతుంది, ఎప్పట్నుంచి ఉంది. అది ఏమిటి అన్న నాలుగో ప్రశ్నకు జవాబు మైక్రోస్కోపు కిందే దొరుకుతుంది. మొదటి మూడూ తెలిసేది ఇంటివాళ్లకు, నాలుగోది తేల్చేది ప్రయోగశాల. ఈ రెండు వైపుల సమాచారం ఒకచోట చేరడం వల్లనే, అంతవరకు ఎవరూ గుర్తించని ఒక జబ్బు 1991లో అమెరికాలో బయటపడింది. ఆ కథలోకి వెళ్లే ముందు మామూలు గడ్డల సంగతి చూద్దాం.

గడ్డలు కానివి

గడ్డ అని కంగారుపడి ఆస్పత్రికి తెచ్చేవాటిలో కొన్ని అసలు గడ్డలే కావు. పిల్లికి పొట్ట మీద రెండు వరుసల్లో సాధారణంగా ఎనిమిది చనుమొనలు ఉంటాయి. మగపిల్లికీ ఉంటాయి. అది తెలియక, గండుపిల్లి పొట్ట మీద చిన్న బొడిపె తగిలితే పిడుదు అనుకుని గోళ్లతో లాగబోయేవాళ్లున్నారు. రొమ్ము ఎముక ముగిసి పొట్ట మొదలయ్యే చోట మృదులాస్థితో కూడిన ఒక మొన ఉంటుంది. బక్కగా ఉన్న పిల్లిలో అది వేలికి స్పష్టంగా తెలుస్తుంది. వెనక కాళ్ల ముందు వేలాడే వదులు చర్మం కూడా జబ్బు కాదు, పిల్లి శరీర నిర్మాణమే అంత.

వీటన్నిటికీ ఒక గుర్తుంది. ఇవి రెండు పక్కలా సమానంగా ఉంటాయి, లేదా సరిగ్గా నడిమధ్యన ఉంటాయి. ఒక్క పక్కనే ఉన్నది, కొత్తగా వచ్చినది అయితే దాన్ని గడ్డగానే లెక్క వెయ్యాలి.

నాలుగు రోజుల్లో లేచిన గడ్డ

బయట తిరిగే పిల్లికి, అందులోనూ గండుపిల్లికి, చూస్తూ చూస్తూండగా లేచిన గడ్డ చాలావరకు చీముగడ్డే. పిల్లి కోరపన్ను సన్నగా, పొడుగ్గా ఉంటుంది. కరిస్తే చర్మం మీద పడే రంధ్రం చిన్నది, లోపల దిగే లోతు ఎక్కువ. పిల్లి నోట్లో పాశ్చురెల్లా మల్టోసిడా వంటి బ్యాక్టీరియా సహజంగానే కాపురముంటుంది. కోరపన్ను దాన్ని తిన్నగా చర్మం కిందికి దించి బయటికొస్తుంది. ఒకటి రెండు రోజుల్లో పైన రంధ్రం మూసుకుపోతుంది. లోపల చిక్కుకున్న బ్యాక్టీరియా మీదికి తెల్లరక్తకణాలు దండెత్తుతాయి. చచ్చిన కణాలు, బ్యాక్టీరియా, కరిగిన కణజాలం అన్నీ కలిసి చీమవుతుంది. రెండు నుంచి నాలుగైదు రోజుల్లో ఆ చోటు ఉబ్బి, వేడెక్కి, ముట్టుకోనివ్వనంత నొప్పి పెడుతుంది. పిల్లికి జ్వరం వస్తుంది, తిండి మానేసి మూల చేరుతుంది. తర్వాత గడ్డ పండి చిట్లుతుంది.

ఈ గడ్డ ఉన్న చోటును బట్టి పోట్లాట ఎలా సాగిందో కూడా చెప్పొచ్చు. మొహం మీద, ముందుకాళ్ల మీద ఉంటే పిల్లి నిలబడి తలపడిందని అర్థం. తోక మొదట్లో ఉంటే వెన్నిచ్చి పారిపోతూ కరిపించుకుందని అర్థం.

చీముగడ్డకు వైద్యం తేలికే. వైద్యుడు గడ్డను కోసి, చీము తీసి, కడిగి, యాంటీబయాటిక్ ఇస్తే ఎక్కువ పిల్లులు వారంలో కోలుకుంటాయి. చిక్కల్లా ఇంటి వైద్యంతోనే. మనుషుల గడ్డలకు వేసే పసుపు, సున్నం పట్టు పిల్లికి వేస్తే అది నాకకుండా ఊరుకోదు. సున్నం నాలుకను, నోటిని కాలుస్తుంది. జ్వరానికని పారాసిటమాల్ ఇవ్వడం ఇంకా ప్రమాదం. మనిషి కాలేయం ఆ మందును విరిచి బయటికి పంపేసే మార్గం పిల్లిలో చాలా బలహీనం. పెద్దవాళ్లు వేసుకునే మాత్ర ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం తీయడానికి. మన దేశంలో ఇంకో సంగతి కూడా మరచిపోకూడదు. కరిచిన జంతువు ఏదో తెలియనప్పుడు చీముగడ్డతోపాటు రేబిస్ ప్రశ్న కూడా వస్తుంది. పిల్లికి టీకా ఎప్పుడు వేయించారన్నది వైద్యుడు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి కావాలి. అడగకపోతే మీరే చెప్పండి.

వేడి, నొప్పి, జ్వరం ఉంటే చీముగడ్డ, లేకపోతే కణితి అని సూత్రం కట్టేద్దామా? అలా కుదరదు. వేగంగా పెరిగే కణితికి నడుమ రక్తం అందక కుళ్లి, మెత్తబడి, అచ్చం చీముగడ్డలా తగలొచ్చు. బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో 1990ల చివరి నుంచి పిల్లులకు ప్రబలిన స్పోరోట్రైకోసిస్ అనే బూజు జబ్బులో కూడా గడ్డలు లేచి పుండ్లవుతాయి. అవి యాంటీబయాటిక్‌కు లొంగవు, పైగా పిల్లి రక్కితే మనుషులకు అంటుకుంటాయి. అందుకే పది రోజుల చికిత్సకు తగ్గని చీముగడ్డను చీముగడ్డ అనుకుంటూ కూర్చోకూడదు.

సూది మొన మీద సాక్ష్యం

ఇక నాలుగో ప్రశ్న. గడ్డ ఏమిటో తేల్చే తొలి పరీక్షకు పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. మామూలు ఇంజెక్షన్‌కు వాడే 22 లేదా 23 గేజి సూది, ఒక సిరంజి, రెండు గాజు పలకలు చాలు. చాలా పిల్లులకు మత్తు కూడా అవసరం పడదు.

వైద్యుడు ఎడమచేతి రెండు వేళ్ల మధ్య గడ్డను కదలకుండా పట్టుకుంటాడు. సూదిని గడ్డలోకి దించి, బయటికి తీయకుండానే నాలుగైదు దిశల్లో ముందుకూ వెనక్కూ ఆడిస్తాడు. సూది బోలులోకి కొన్ని వేల కణాలు చేరతాయి. సిరంజిలోకి ఏమీ వచ్చినట్టు కనిపించదు, కనిపించనక్కర్లేదు. సూదిని విడదీసి, సిరంజిలోకి గాలి తీసుకుని, మళ్లీ సూది తగిలించి గాజు పలక మీద ఒక్కసారి ఊదితే చిన్న బొట్టు పడుతుంది. దాని మీద రెండో పలక ఆనించి మెల్లగా లాగితే బొట్టు పల్చటి పొరగా పరుచుకుంటుంది. ఆరాక రంగుద్రావణాల్లో ముంచుతారు. అరగంట తిరక్కుండా పలక మైక్రోస్కోపు కిందికి వెళుతుంది.

అక్కడ కనిపించేది గడ్డను బట్టి మారిపోతుంది. చీముగడ్డ అయితే తమ్మెలు తమ్మెలుగా చీలిన కేంద్రకాలున్న తెల్లకణాలు కిక్కిరిసి ఉంటాయి, కొన్నిటి కడుపులో మింగిన బ్యాక్టీరియా కూడా కనిపిస్తుంది. కొవ్వుగడ్డ అయితే బుడగల్లాంటి ఖాళీ కణాలు తప్ప ఇంకేమీ ఉండవు. ఇవి కుక్కల్లో కనిపించినంతగా పిల్లుల్లో కనిపించవు. తల మీదో మెడ మీదో ఉన్న చిన్న గుండ్రటి బొడిపెలోంచి ఊదారంగు రేణువులు నిండిన కణాలు వస్తే అది మాస్ట్ కణాల కణితి. పిల్లి చర్మం మీద వచ్చే ఈ రకం చాలావరకు శాంతంగానే ఉంటుంది, కోసి తీసేస్తే సరిపోతుంది. నల్లగా, పైన పుండుపడి, చూడ్డానికి భయం గొలిపే బేసల్ కణాల కణితి కూడా ఎక్కువగా హానిలేనిదే. కంటికి కనిపించే రూపాన్ని నమ్మలేమనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్న భయం మన దగ్గర గట్టిగా ఉంది. చర్మం మీది, చర్మం కింది గడ్డల విషయంలో ఆ భయానికి ఆధారం చాలా తక్కువ. సూది పరీక్షకున్న అసలు లోపం వేరు. కొన్ని కణితుల కణాలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, సూదికి రాలవు. అందుచేత సూదికి ఏమీ రాలేదంటే లోపల ఏమీ లేదని కాదు. అప్పుడు చిన్న ముక్క కోసి పరీక్షించాలి. దాన్నే బయాప్సీ అంటున్నాం.

పొట్ట మీది గడ్డ, సెంటీమీటర్ల లెక్క

ఎంతుంది అన్న ప్రశ్నకు ఎంత విలువ ఉందో ఆడ పిల్లి పొట్ట మీది గడ్డ దగ్గర తెలుస్తుంది. కుక్కల రొమ్ము గడ్డల్లో దాదాపు సగం హానిలేనివి. పిల్లుల్లో అలా కాదు, 80 నుంచి 90 శాతం క్యాన్సర్లే. ఇవి ఎక్కువగా పది పన్నెండేళ్ల వయసులో కనిపిస్తాయి. గడ్డ 2 సెంటీమీటర్ల లోపు ఉండగా ఆపరేషన్ చేయించుకున్న పిల్లుల్లో సగానికి పైగా మూడేళ్లు దాటి బతికాయనీ, 3 సెంటీమీటర్లు దాటాక చేయించుకున్నవాటిలో ఎక్కువ భాగం ఏడాది లోపే పోయాయనీ 1980ల నాటి పరిశీలనలే చూపించాయి. అంటే ఒక్క సెంటీమీటరు తేడా పిల్లికి రెండేళ్ల ఆయుష్షు. వచ్చే నెల చూద్దాంలే అనుకోవడానికి పొట్ట మీది గడ్డ తగినది కాదు.

ఇంతా చేసి, పొట్ట మీద అతి పెద్దగా కనిపించే వాపు మాత్రం క్యాన్సర్ కాకపోవచ్చు. ఏడాది కూడా నిండని పిల్లికి ఎద వచ్చిన కొన్ని వారాలకే రొమ్ములన్నీ ఒక్కసారిగా ఉబ్బి, చర్మం ఎర్రబడి, ఇంటివాళ్లను హడలగొట్టే స్థితి ఒకటుంది. ప్రొజెస్టిరాన్ హార్మోనుకు రొమ్ము కణజాలం అతిగా స్పందించడం దానికి కారణం. ఎద రాకుండా చేసే హార్మోను ఇంజెక్షన్ల వల్ల కూడా ఇది వస్తుంది. ఆ హార్మోను ప్రభావం ఆపితే వాపు తీస్తుంది. పెద్ద వాపు ప్రమాదం కాకపోవడం, వేలికి అందీ అందనంత గింజ ప్రాణాంతకం కావడం ఒకే పొట్ట మీద జరుగుతాయి.

ఈ క్యాన్సర్‌ను రాకముందే చాలావరకు ఆపవచ్చు. 2005లో అచ్చయిన ఒక అధ్యయనం ప్రకారం, ఆరు నెలల వయసు లోపు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన ఆడ పిల్లుల్లో రొమ్ము క్యాన్సర్ ముప్పు 91 శాతం తగ్గింది. ఏడో నెల నుంచి ఏడాది లోపు చేయిస్తే 86 శాతం తగ్గింది. రెండేళ్లు దాటాక చేయిస్తే ఈ విషయంలో లాభం కనిపించలేదు. ఒక్క ఈత అయ్యాక చేయిద్దాం అనేవాళ్లు ఈ అంకెలు చూడాలి.

పెన్సిల్వేనియా పాథాలజిస్టుల బల్ల

ఇప్పుడు అసలు కథ. 1970ల చివర్లో అమెరికాలో వర్జీనియా, వెస్ట్ వర్జీనియా సరిహద్దు ప్రాంతంలో రకూన్ అనే అడవి జంతువుల్లో రేబిస్ మొదలైంది. వేట కోసం దక్షిణాది రాష్ట్రాల నుంచి పట్టి తెచ్చి వదిలిన రకూన్లతో వచ్చిన ముప్పు అది. 1982 నాటికి పెన్సిల్వేనియా చేరింది. రాత్రిళ్లు బయట తిరిగే పిల్లులకు రకూన్లు ఎదురుపడతాయి కాబట్టి, 1980ల నుంచి ఆ దేశంలో రేబిస్ సోకిన కుక్కల కన్నా పిల్లులే ఎక్కువగా లెక్కకొచ్చాయి. 1987లో పెన్సిల్వేనియా రాష్ట్రం పిల్లులకు రేబిస్ టీకా తప్పనిసరి చేసింది.

అంతకు ముందు వాడిన, బలహీనపరచిన సజీవ వైరస్ టీకాల వల్ల అరుదుగా పిల్లులకు రేబిసే వచ్చిన సందర్భాలున్నాయి. అందుకని చంపిన వైరస్‌తో చేసిన టీకాలు వాడుకలోకి వచ్చాయి. చచ్చిన వైరస్‌ను శరీరం అంతగా ఖాతరు చేయదు. ఖాతరు చేసేలా రెచ్చగొట్టడానికి టీకాలో అల్యూమినియం లవణాల వంటి ప్రేరక ద్రవ్యం కలుపుతారు. పిల్లుల లుకేమియా వైరస్‌కు తొలి టీకా కూడా 1985లో వచ్చింది. టీకాలన్నీ ఎక్కువగా ఒకే చోట ఇచ్చేవారు: మెడ దిగువన, రెండు భుజాల నడుమ. అక్కడ చర్మం వదులుగా ఉంటుంది, పిల్లికి నొప్పి తక్కువ, వైద్యుడికి గీరుళ్ల బెడద తక్కువ.

ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మ్యాటీ హెండ్రిక్, మైఖేల్ గోల్డ్‌ష్మిట్ పశువ్యాధుల పాథాలజిస్టులు. పశువైద్యులు కోసి తీసిన గడ్డలు పరీక్షకని వాళ్ల బల్ల మీదికి చేరేవి. టీకా చట్టం వచ్చిన తర్వాతి ఏళ్లలో పిల్లుల ఫైబ్రోసార్కోమాలు పెరుగుతున్నట్టు వాళ్లు గమనించారు. చర్మం కింది పీచు కణజాలంలో పుట్టే క్యాన్సర్ ఇది, కొత్తదేమీ కాదు. కొత్తది అది వస్తున్న చోటు. గడ్డతోపాటు వచ్చే కాగితాల్లో చోటు అన్న గడి ముందు భుజాల నడుమ, మెడ వెనక, తొడ అని మళ్లీ మళ్లీ రాసి ఉంటోంది. అవన్నీ టీకా సూది దిగే చోట్లే.

మైక్రోస్కోపు కింద ఇంకో ఆనవాలు దొరికింది. కణితి అంచుల్లో వాపు కణాలు గుమికూడి ఉన్నాయి. వాటిలో మాక్రోఫేజ్ అనే భక్షక కణాల కడుపులో నీలం, బూడిద రంగులు కలిసిన పదార్థం కనిపించింది. టీకా వేసిన చోట కొద్దివారాలు ఉండి కరిగిపోయే మామూలు వాపుల్లో వాళ్లు చూసిన పదార్థమే అది. 1991లో ఇద్దరూ అమెరికా పశువైద్య సంఘం పత్రికకు ఒక ఉత్తరం రాశారు. ఇంజెక్షన్ వేసిన చోటి వాపులు పిల్లుల్లో ఫైబ్రోసార్కోమాకు దారితీస్తున్నాయా అని దాని శీర్షికలోనే ప్రశ్న పెట్టారు. మరుసటేడు ఎలక్ట్రాన్ కిరణాలతో పరీక్షించి, ఆ నీలిబూడిద పదార్థంలో అల్యూమినియం, ఆక్సిజన్ ఉన్నాయని చూపించారు.

1993లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఫిలిప్ కాస్ బృందం లెక్కలు తీసింది. ఫైబ్రోసార్కోమా వచ్చిన 345 పిల్లుల వివరాలు సేకరించి, ఏ టీకా, ఎప్పుడు, ఎక్కడ వేశారో చూసింది. భుజాల నడుమ ఒక టీకా పడిన పిల్లికి ఆ చోట కణితి వచ్చే ముప్పు, అక్కడ టీకా పడని పిల్లి కన్నా దాదాపు 50 శాతం ఎక్కువ. ఒకే చోట రెండు టీకాలైతే 127 శాతం, మూడో నాలుగో అయితే 175 శాతం ఎక్కువ. మోతాదు పెరిగేకొద్దీ ముప్పు పెరగడం కాకతాళీయం కాదనడానికి బలమైన సాక్ష్యం.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ జబ్బును పట్టిచ్చినవి ఏ ఖరీదైన యంత్రాలూ కావు. ఎక్కడ, ఎంత, ఎప్పట్నుంచి అన్న మూడు గళ్లను ఓపిగ్గా నింపిన మామూలు పశువైద్యులు, తీసిన గడ్డను పారేయకుండా పంపిన అలవాటు, వచ్చినవాటిని వరుసగా చూసిన ఇద్దరి కళ్లు.

పిల్లికే ఎందుకు?

ఇవే రకం టీకాలు కుక్కలకూ వేస్తారు. వాటిలో ఇలాంటి కణితి బహు అరుదు. పిల్లి పీచు కణాల్లో ఏదో ప్రత్యేకత ఉండాలన్న అనుమానానికి ఇంకో ఆధారం కంటిలో దొరుకుతుంది. కంటికి గట్టి దెబ్బ తగిలిన పిల్లుల్లో కొన్నిటికి, ఏళ్లు గడిచాక అదే కంట్లో సార్కోమా వస్తుంది. అక్కడ టీకా లేదు, అల్యూమినియం లేదు. ఉన్నదల్లా మానీ మానని గాయం, దాని చుట్టూ చల్లారని వాపు. దీర్ఘకాలపు వాపుకూ క్యాన్సర్‌కూ సంబంధం ఉందని జర్మన్ పాథాలజిస్టు రుడాల్ఫ్ విర్షో 1863లోనే ఊహించాడు. పుండు మాన్పడానికి వచ్చిన పీచు కణాలు పని అయ్యాక ఆగిపోవాలి. కొన్ని పిల్లుల్లో అవి ఆగవు. తర్వాతి పరిశోధనల్లో దీర్ఘకాలం పనిచేసే స్టిరాయిడ్ ఇంజెక్షన్ల వంటివాటితో కూడా సంబంధం కనిపించడంతో, దోషమంతా ఏ ఒక్క టీకాదో కాదని తేలింది. అందుకే ఇప్పుడు దీన్ని టీకా కణితి అనడం మానేసి ఇంజెక్షన్ చోటి సార్కోమా అంటున్నారు.

ఈ కణితి పైకి చూడ్డానికి గుండ్రంగా, విడిగా, ఒలిచి తీసేయవచ్చన్నట్టు ఉంటుంది. లోపల మాత్రం గరికలా పాకి ఉంటుంది. పైకి కనిపించేది కోసేస్తే, మిగిలిన వేరు నుంచి కొద్ది నెలల్లోనే మళ్లీ లేస్తుంది, ఈసారి ఇంకా వెడల్పుగా. కత్తి పెడితే క్యాన్సర్ రేగుతుందన్న మాట పుట్టింది ఇలాంటి అరకొర ఆపరేషన్ల నుంచే అయ్యుండాలి. రేపేది కత్తి కాదు, చాలినంత కోయకపోవడం. 91 పిల్లులకు కణితి చుట్టూ 5 సెంటీమీటర్ల మేర ఆరోగ్యంగా ఉన్న కణజాలాన్ని కూడా కలిపి తీసేసిన ఒక అధ్యయనంలో, అదే చోట తిరిగి వచ్చినది 14 శాతంలోనే. అంత వెడల్పున కోయాలంటే మొదటి ఆపరేషనే సరైన ఆపరేషన్ కావాలి. దానికి ముందే బయాప్సీతో పేరు తేలాలి. చూద్దాం అని గడ్డ పైపైన గిల్లి తీసేస్తే, ఉన్న ఒక్క మంచి అవకాశం చేజారుతుంది.

టీకా మానేద్దామా?

ఇది చదివి టీకాకు దణ్ణం పెట్టేద్దాం అనుకుంటే అంతకన్నా పొరపాటు లేదు. ఈ కణితి ఎంత అరుదంటే, అంచనాలు 1,000 పిల్లులకు ఒకటి దగ్గర నుంచి 10,000కు ఒకటి దాకా, ఇంకా తక్కువ దాకా ఉన్నాయి. రేబిస్ సోకి లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు, పిల్లీ బతకదు, అది కరిచిన మనిషీ బతకడు. ప్రపంచంలోని రేబిస్ మరణాల్లో మూడో వంతుకు పైగా మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వీధికుక్కలున్న ఊళ్లో పిల్లికి రేబిస్ టీకా మానడానికి ఏ లెక్కా ఒప్పుకోదు.

మార్చవలసింది టీకాను కాదు, అది వేసే చోటును. 1996లో అమెరికాలో పశువైద్య సంస్థలు కలిసి ఏర్పాటు చేసిన కార్యదళం భుజాల నడుమ టీకాలు వేయడం మానమంది. రేబిస్ టీకా కుడి వెనక కాలికి, లుకేమియా టీకా ఎడమ వెనక కాలికి, వీలైనంత కిందుగా వేయమంది. వినడానికి కటువుగా ఉన్నా కారణం సూటిగా ఉంది. భుజాల నడుమ వచ్చిన కణితి చుట్టూ 5 సెంటీమీటర్లు కోయాలంటే వెన్నెముక ముళ్లు, భుజం ఎముక అడ్డొస్తాయి. కాలి మీద వస్తే కాలు తీసేసి పిల్లిని బతికించుకోవచ్చు, మూడు కాళ్ల మీద పిల్లి హాయిగా తిరుగుతుంది. తర్వాత 1990 నుంచి 2006 దాకా వచ్చిన 392 కేసులు పరిశీలిస్తే, భుజాల నడుమ కణితుల వాటా తగ్గి, వెనక కాళ్ల మీది వాటా పెరిగింది. సూది చోటు మారితే కణితి చోటూ మారింది. 1991 నాటి ప్రశ్నకు ఇంతకన్నా తిరుగులేని జవాబు ఉండదు. ఆ తర్వాత ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో తోక మీద టీకా వేసి చూస్తే, దాదాపు అన్ని పిల్లుల్లోనూ రేబిస్‌కు రక్షణ వచ్చింది.

టీకా వేసిన చోట చిన్న వాపు రావడం మామూలే, ఎక్కువ భాగం కొద్దివారాల్లో కరిగిపోతాయి. కరగనివాటికి ఆ కార్యదళం మూడు హద్దులు గీసింది. టీకా వేసిన 3 నెలలకూ వాపు మిగిలే ఉంటే, ఎప్పుడైనా 2 సెంటీమీటర్లు దాటితే, లేదా 1 నెల గడిచాక కూడా పెరుగుతూనే ఉంటే బయాప్సీ చేయించాలి. మూడింట్లో ఏ ఒక్కటి నిజమైనా చాలు. కణితి నెలల్లో రావచ్చు, ఏళ్ల తర్వాత కూడా రావచ్చు కాబట్టి, ఏ టీకా ఏ తేదీన ఏ కాలికి వేశారో టీకా కార్డు మీద రాయించుకోవడం ఇంటివాళ్ల పని.

మీరు చేయవలసింది

నెలకోసారి, పిల్లి మంచి మూడ్‌లో ఉన్నప్పుడు, తల నుంచి తోక దాకా వేళ్లతో తడమండి. దవడ కింద, చంకల్లో, పొట్ట మీద రెండు వరుసలూ, వెనక కాళ్లూ మరచిపోవద్దు. గడ్డ తగిలితే నొక్కొద్దు, పిండొద్దు, పట్లు వేయొద్దు. తేదీ వేసి, ఎక్కడుందో రాసి, స్కేలు పక్కన పెట్టి ఫోన్‌తో ఫోటో తీయండి. వేడి, నొప్పి, జ్వరం ఉంటే అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. పొట్ట మీది గడ్డ అయితే ఆ వారంలోనే తీసుకెళ్లండి. మిగతావాటిని కూడా నెల దాటనివ్వకండి. సూది పరీక్ష చేస్తారా అని మీరే నోరు తెరిచి అడగండి.

ఆపరేషన్ దాకా వస్తే ఇంకొక్క మాట. తీసిన గడ్డను పారేయనివ్వకండి. దానికి పది రెట్లు ఫార్మలిన్ పోసిన సీసాలో వేసి పరీక్షకు పంపమనండి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల్లో పాథాలజీ విభాగాలున్నాయి, పట్టణాల్లో ప్రైవేటు ప్రయోగశాలలూ ఉన్నాయి. గడ్డ పేరేమిటో, కోసిన అంచుల్లో కణితి కణాలు మిగిలాయో లేదో ఆ నివేదిక చెబుతుంది. మళ్లీ ఆపరేషన్ కావాలా, ఊరికే గమనిస్తే చాలా అన్నది దాని మీదే ఆధారపడుతుంది. పరీక్షకు పంపని గడ్డ వల్ల మీ పిల్లికీ మేలు లేదు, రేపు ఇంకో పిల్లికీ మేలు లేదు.